ఎల్‌ఈడీ వెలగనప్పుడు: ఆన్‌లైన్‌లో టీచర్లకు ఆర్డుయినో నేర్పడం

ఆర్డుయినో అంటే ఎల్‌ఈడీలు, సెన్సర్లు, మోటార్లు తగిలించి, కంప్యూటర్లో రాసిన కోడ్‌తో నడిపించే చిన్న సర్క్యూట్ బోర్డు. దాని మీద ఆన్‌లైన్‌లో జరిగే శిక్షణలు చాలావరకు ఒకే తీరున నడుస్తాయి. శిక్షణ ఇచ్చేవారు తమ టేబుల్ మీద అన్నీ ముందే కలిపి పెట్టుకుంటారు. కోడ్ ఎక్కిస్తారు, ఎల్‌ఈడీ వెలుగుతుంది, చాట్ నిండా చప్పట్లు పడతాయి. మర్నాడు టీచరు అదే పని ఎనిమిదో తరగతిలో చేయిస్తే సగం గ్రూపుల్లో వెలగదు. ఎందుకు వెలగలేదో వెతికే పద్ధతి శిక్షణలో ఎక్కడా రాలేదు కాబట్టి ఆ పీరియడ్ అక్కడితో సరి. కిట్టు మళ్లీ బీరువాలోకి పోతుంది.

శిక్షణ సమయంలో కనీసం సగం తప్పులు వెతకడానికే కేటాయించాలన్నది నా అభిప్రాయం. కోడ్ రాయడం మన టీచర్లకు అంత కష్టమేమీ కాదు. పదో తరగతి ఓమ్ నియమం ఏటా చెప్పేవారికి రెసిస్టర్ ఎందుకో వివరించే పనే లేదు. వారిని ఆపేది ఊడిన తీగ, పనికిరాని కేబుల్, తిరగేసి గుచ్చిన బటన్.

బోర్డులైతే బడులకు చేరుతూనే ఉన్నాయి. నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు చేతులతో చేసి నేర్చుకునే ప్రయోగశాల) వచ్చిన బడికి 20 లక్షల వరకు గ్రాంటు ఉంటుంది. అందులో 10 లక్షలు సామగ్రికి, మిగతాది ఐదేళ్ల నిర్వహణకు. ప్రభుత్వ బడుల్లో మరో 50,000 ల్యాబులు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. ఆ పెట్టెల్లో మామూలుగా కనిపించేది ఆర్డుయినో యునో. అందుకే ఇక్కడ రాసేదంతా దాని చుట్టూనే. ఆరు, ఏడు తరగతులకు మాత్రమే నేర్పాలి, బోర్డు ఎంపిక మన చేతిలోనే ఉంది అంటే మైక్రోబిట్ అనే చిన్న బోర్డు నయం. 25 ఎల్‌ఈడీలు, రెండు బటన్లు, కదలికను పసిగట్టే సెన్సర్ అన్నీ బోర్డు మీదే ఉంటాయి, బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా తీగలు గుచ్చే రంధ్రాల పలక) గొడవ ఉండదు, ఆన్‌లైన్ శిక్షణ సగం తేలికవుతుంది.

మొదటి క్లాసుకు ముందే

కిట్టు టీచరు ఇంటికి చేరాకే మొదటి తేదీ ఖరారు చేయాలి. "చూస్తూ ఉండండి, కిట్టు వచ్చాక చేసుకోండి" అన్న శిక్షణలో ఎవరూ ఏమీ నేర్చుకోరు. ఒక్కొక్కరికి యునో బోర్డు, దాని కేబుల్, 400 రంధ్రాల బ్రెడ్‌బోర్డు, మూడు రంగుల్లో ఎల్‌ఈడీలు 10, 220 ఓమ్‌ల రెసిస్టర్లు 10, 10 కిలో ఓమ్‌లవి 5, బటన్లు 4, ఎల్‌డీఆర్‌లు (వెలుతురును బట్టి నిరోధం మారే భాగాలు) 2, 10 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటర్ (తిప్పి విలువ మార్చే రెసిస్టర్) ఒకటి, బజర్, ఎస్‌జీ90 సర్వో మోటార్ (చెప్పిన కోణానికి తిరిగేది), హెచ్‌సీ-ఎస్ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సర్ (శబ్దంతో దూరం కొలిచేది), రెండు వైపులా మొనలున్న జంపర్ వైర్లు 20, ఒక వైపు రంధ్రం ఉన్నవి 10. వీటితోపాటు చవకరకం డిజిటల్ మల్టీమీటర్ ఒకటి తప్పనిసరి. కొనేటప్పుడు కంటిన్యుయిటీకి, అంటే తీగ తెగకుండా కలిసి ఉందని చెప్పడానికి, బీప్ శబ్దం చేస్తుందో లేదో చూసి కొనాలి. ఖర్చు తగ్గించాలంటే సర్వోను తీసేయండి, మల్టీమీటర్‌ను తీయకండి.

పంపే ముందు ప్రతి కేబుల్‌నీ ఒకసారి కంప్యూటర్‌కు తగిలించి చూడాలి. బోర్డుకు కరెంటు అందించి డేటా మోయని కేబుల్ ఒక్కటి కిట్టులోకి వెళ్లినా, ఆ టీచరుకు మొదటి సాయంత్రం మొత్తం పోయినట్టే. బోర్డు మీద పవర్ దీపం చక్కగా వెలుగుతూనే ఉంటుంది మరి, కేబుల్ మీద ఎవరికి అనుమానం వస్తుంది?

మొదటి క్లాసుకు మూడు నాలుగు రోజుల ముందు "పోర్టు కనిపించే రోజు" అని ఒకటి పెట్టాలి. ఆ రోజు పాఠం ఉండదు. ప్రతి టీచరూ కంప్యూటర్లో ఆర్డుయినో ఐడీఈ (కోడ్ రాసి బోర్డుకు ఎక్కించే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని, బోర్డు తగిలించి, టూల్స్ మెనూలో పోర్టు, అంటే కంప్యూటర్ బోర్డును గుర్తించిన దారి పేరు, కనిపించిన స్క్రీన్ ఫొటో గ్రూపులో పెట్టాలి. చవక బోర్డుల్లో సీహెచ్340 అనే చిప్ ఉంటుంది. దాని డ్రైవర్ లేకపోతే పోర్టు మెనూ బూడిద రంగులోనే ఉండిపోతుంది. ఇంకో చిక్కు బడి కంప్యూటర్ల వయసు. ఐడీఈ 2 నడవాలంటే విండోస్ 10, అదీ 64 బిట్ ఉండాలి. విండోస్ 7 మీదే ఉన్న పాత ల్యాబులకు 1.8.19 వెర్షన్ ఇవ్వాలి. రెండింటి ఇన్‌స్టాలర్లూ, డ్రైవరూ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి కిట్టుతో పాటే పంపితే ఊళ్లలో డౌన్‌లోడ్ బాధ తప్పుతుంది.

ఒక బడి నుంచి ఒక్కరిని కాకుండా ఇద్దరిని తీసుకోవాలి. ఫిజికల్ సైన్స్ టీచరుతో పాటు గణితమో, బయాలజీనో చెప్పే ఇంకొకరు. ఒకరి చేయి తీగల మీద ఉంటే ఇంకొకరి కన్ను కోడ్ మీద ఉంటుంది. అంతకంటే పెద్ద కారణం బదిలీలు. నేర్చుకున్న ఒక్కరూ బదిలీ అయితే ల్యాబ్‌కు తాళమే.

కెమెరా, ఫొటోలు

శిక్షణ ఇచ్చేవారి ముఖం కంటే వారి చేతులు ముఖ్యం. ల్యాప్‌టాప్‌లో కోడ్ పంచుకుంటూ, ఫోనును అదే మీటింగులో రెండో వ్యక్తిగా చేర్చి, బోర్డుకు సరిగ్గా పైన కిందికి చూసేలా నిలబెట్టాలి. రెండు పుస్తకాల దొంతరల మీద స్కేలు అడ్డంగా పెట్టి దాని మీద ఫోను ఉంచితే చాలు, స్టాండు కొననక్కర్లేదు. ఫోనులో ఆడియోకు అసలు కలవకూడదు, కలిస్తే చెవులు చిల్లులు పడేలా కూత వస్తుంది. బోర్డు కింద తెల్ల కాగితం, వెలుతురు పక్క నుంచి. పై నుంచి ట్యూబ్‌లైట్ పడితే బ్రెడ్‌బోర్డు రంధ్రాలు కనిపించవు.

బోర్డు దిశ మొదటి రోజే ఖాయం చేయాలి: అందరికీ యూఎస్‌బీ మూతి ఎడమ వైపు. 5 వోల్టులకు ఎరుపు తీగ, గ్రౌండ్‌కు నలుపు, మిగతా రంగులు సిగ్నల్‌కు. కిట్టులో నల్ల తీగలు తక్కువ పడితే గోధుమ రంగు వాడమని ముందే చెప్పాలి. ఈ నియమం చాదస్తంలా కనిపిస్తుంది. కానీ ఇరవై మంది పెట్టిన ఫొటోల్లో తప్పు ఎక్కడుందో పది సెకన్లలో పట్టుకోవడం దీనివల్లే సాధ్యమవుతుంది.

సాయం అడిగే పద్ధతి కూడా నేర్పాలి. "సార్, పనిచేయట్లేదు" అనే మెసేజికి జవాబు ఉండదు. సరిగ్గా పై నుంచి తీసిన బ్రెడ్‌బోర్డు ఫొటో ఒకటి, కోడ్ మొత్తం టెక్స్ట్‌గా, కింద నల్ల పెట్టెలో వచ్చిన ఎర్ర అక్షరాల సందేశం, "ఏం జరగాలి, ఏం జరుగుతోంది" అని ఒక్క వాక్యం. ఈ నాలుగూ ఉంటేనే గ్రూపులో జవాబు ఇస్తామని చెప్పండి. వీటిని పోగుచేసే పనిలోనే చాలామందికి తమ తప్పు తమకే దొరుకుతుంది.

90 నిమిషాల క్లాసు

వారానికి రెండు క్లాసులు, ఆరు వారాలు. సాయంత్రం 6:30 తర్వాత. పదో తరగతి ప్రత్యేక తరగతులు నడిచే నెలల్లో, సమ్మేటివ్ పరీక్షల వారంలో అసలు పెట్టకూడదు. 20 మందికి ఒక ప్రధాన శిక్షకుడు, ప్రతి ఐదుగురికి ఒక సహాయకుడు ఉండాలి. సహాయకులు లేకుండా వంద మందిని కూర్చోబెడితే అది ప్రసంగం అవుతుంది.

క్లాసులో కోడ్‌ను మొదటి నుంచి టైపు చేయించడం మానేయాలి. పది వరుసల కోడ్ పూర్తిగా రాసి ఇచ్చి, ఎక్కించక ముందే "ఇది ఏం చేస్తుంది?" అని చాట్‌లో రాయించాలి. తర్వాత నడిపి చూడాలి. ఊహకూ జరిగినదానికీ తేడా ఎక్కడొచ్చిందో మాట్లాడాలి. ఆపై ఒక్క అంకె మార్చాలి, ఒక వరుస చేర్చాలి, చివరికి సొంతంగా ఒకటి చేయాలి. బ్రిటన్‌లో కంప్యూటర్ విద్య పరిశోధకురాలు సూ సెంటెన్స్, ఆమె సహచరులు ప్రిమ్ అన్న పేరుతో ప్రచారంలోకి తెచ్చిన వరుస ఇదే. ప్రోగ్రామింగ్ అంటే బెదిరే టీచర్లకు ఇది బాగా పనిచేస్తుంది. సెమీకోలన్ మరచిపోయానన్న భయం పక్కకుపోయి దృష్టి ఆలోచన మీదికి వెళ్తుంది.

కనెక్షన్లు ఇచ్చేటప్పుడు యూఎస్‌బీ తీసేసి ఉండాలి. అందరూ కలిపాక "ఇప్పుడు తగిలించండి" అని చెప్పాలి. ఎర్ర ఎల్‌ఈడీ దాదాపు 2 వోల్టులు తీసుకుంటుంది. మిగిలిన 3 వోల్టులు 220 ఓమ్‌ల మీద పడితే సుమారు 14 మిల్లీ ఆంపియర్లు. యునో పిన్‌కు (బోర్డు మీద తీగ గుచ్చే చోటు) 20 మిల్లీ ఆంపియర్లు సౌకర్యం, 40 దాటితే ప్రమాదం. ఈ లెక్క టీచర్ల చేతే వేయించండి, భౌతికశాస్త్రం పాఠానికి దారి అక్కడే పడుతుంది.

తప్పుల చిట్టా

ప్రతి క్లాసులో చివరి 45 నిమిషాలు శిక్షకుడు కావాలని తప్పు పెట్టిన సర్క్యూట్‌ను కెమెరా కింద పెట్టాలి. టీచర్లు చూసి చెప్పాలి. తర్వాత జంటల్లో ఒకరు తప్పు పెట్టాలి, ఇంకొకరు వెతకాలి. ఏ తప్పులు పెట్టాలంటే, తరగతిలో నిజంగా వచ్చేవే.

కొత్త బోర్డుల్లో బ్లింక్ (బోర్డు మీది దీపాన్ని మినుకుమనిపించే) ప్రోగ్రాం ముందే ఎక్కించి ఉండటం మామూలు. కాబట్టి బ్లింక్ ఎక్కించి, దీపం మినుకుమంటోంది అంటే అప్‌లోడ్ అయినట్టు రుజువు కాదు. కోడ్‌లో డిలే (మిల్లీ సెకన్లలో ఆగే సమయం) 1000ని 100 చేసి ఎక్కించాలి, వేగం మారితేనే అయినట్టు. "నాట్ ఇన్ సింక్" అని ఎర్రటి సందేశం వస్తే ఎక్కువసార్లు తప్పు పోర్టు. కాకపోతే తప్పు బోర్డు ఎంపిక, లేదా 0, 1 పిన్‌లకు ఏదో తగిలించి ఉండటం. ఆ రెండు పిన్‌లూ కంప్యూటర్‌తో మాట్లాడేవి. పిల్లలకు "0, 1 మనవి కావు" అని మొదటి రోజే చెప్పాలి.

ఎల్‌ఈడీ తిరగేస్తే కాలిపోదు, వెలగదంతే. పొడవు కాలు ప్లస్. కాళ్లు కత్తిరించిన వాటికి అంచు చదునుగా ఉన్న వైపు మైనస్. పెద్ద బ్రెడ్‌బోర్డుల్లో, అంటే 830 రంధ్రాల వాటిలో, పక్కనుండే పవర్ వరుస చాలాసార్లు మధ్యలో తెగి ఉంటుంది. ఎడమ సగంలో 5 వోల్టులు ఉంటాయి, కుడి సగంలో సున్నా. ఎర్ర గీత మధ్యలో ఆగి ఉంటే అక్కడ చిన్న తీగతో కలపాలి. మల్టీమీటర్ లేకపోతే ఈ తప్పు పట్టుకోవడానికి ఒక పీరియడ్ సరిపోదు.

రెసిస్టర్ రంగులు ఇంకో ఉచ్చు. పుస్తకంలో నాలుగు పట్టీలు చెబుతాం: 220కి ఎరుపు, ఎరుపు, గోధుమ. కిట్టులో వచ్చేది నీలం రంగు శరీరం, ఐదు పట్టీల రకం. అందులో 220 అంటే ఎరుపు, ఎరుపు, నలుపు, నలుపు, గోధుమ. 10 కిలో ఓమ్‌లు అంటే గోధుమ, నలుపు, నలుపు, ఎరుపు, గోధుమ. ఫోను వెలుతురులో గోధుమా ఎరుపూ ఒకేలా కనిపిస్తాయి. ఎల్‌ఈడీ చాలా మసకగా వెలుగుతోందంటే 220 స్థానంలో 10 కిలో ఓమ్‌లు పెట్టారని అనుమానించాలి. మీటరుతో కొలిచి, కాగితపు పట్టీ మీద విలువ రాసి అతికించడమే శాశ్వత పరిష్కారం.

బటన్‌కు నాలుగు కాళ్లున్నా లోపల రెండు జతలే. తప్పు జత తీసుకుంటే నొక్కకుండానే ఎప్పుడూ ఆన్. మధ్య గాడికి అటూ ఇటూ గుచ్చి, మూలకు మూల ఉన్న కాళ్లు తీసుకుంటే తప్పడానికి వీల్లేదు. ఇక "నొక్కకపోయినా దానంతటదే వెలుగుతోంది" అన్న ఫిర్యాదు వచ్చిందంటే పిన్ గాలిలో వేలాడుతున్నట్టు. చుట్టుపక్కల విద్యుత్తుకే అది 0, 1 మధ్య ఊగుతుంది. కోడ్‌లో ఇన్‌పుట్ పుల్‌అప్ అనే అమరిక వాడితే చిప్ లోపలి రెసిస్టర్ దాన్ని పైకి, అంటే 1 దగ్గర, పట్టుకుంటుంది. అప్పుడు బటన్ నుంచి గ్రౌండ్‌కు ఒక్క తీగ చాలు. కాకపోతే లెక్క తిరగబడుతుంది: నొక్కితే 0, వదిలితే 1. దీన్ని మాటల్లో చెప్పేకంటే, ఖాళీ ఏ0 పిన్ (వోల్టేజ్‌ను అంకెగా చదివేది) విలువను సీరియల్ మానిటర్లో (బోర్డు పంపే అంకెలు కంప్యూటర్లో కనిపించే కిటికీ) చూపించి, దానికి ఒక తీగ గుచ్చి వేలితో తాకించండి. అంకెలు గంతులేస్తాయి, ఇక వివరణ అక్కర్లేదు. మానిటర్లో అంకెలకు బదులు పిచ్చి గుర్తులు వస్తే కోడ్‌లో 9600, మానిటర్లో వేరే వేగం ఉన్నట్టు.

ఎల్‌డీఆర్‌తో చీకటి పడగానే వెలిగే దీపం మన బడుల్లో అందరూ చేసే ప్రాజెక్టు. ఇంటర్నెట్ కోడ్‌లో చీకటి హద్దు 500 అని ఉంటే టీచర్లు 500 అనే పెట్టేస్తారు, తమ గదిలో పనిచేయదు. 5 వోల్టుల నుంచి ఎల్‌డీఆర్, ఏ0, అక్కడి నుంచి 10 కిలో ఓమ్‌లు, గ్రౌండ్. ఈ వరుసలో వెలుతురు పెరిగితే 0 నుంచి 1023 మధ్య అంకె పెరుగుతుంది. ఎల్‌డీఆర్, రెసిస్టర్ స్థానాలు మారితే తగ్గుతుంది. మామూలు వెలుతురులో ఎంత, చేయి అడ్డుపెడితే ఎంత అని చూసి, మధ్య అంకె తీసుకోవాలి. అయినా దీపం టపటపా కొట్టుకుంటుంటే ఎల్‌ఈడీ వెలుతురు ఎల్‌డీఆర్ మీదే పడుతోందన్నమాట. వెలగగానే "పగలైంది" అనుకుని ఆరుతుంది, ఆరగానే "చీకటైంది" అనుకుని వెలుగుతుంది. రెండింటినీ దూరం జరపాలి. లేదా రెండు హద్దులు పెట్టాలి: 350 కంటే తగ్గితే వెలుగు, 450 దాటితేనే ఆరు. ఒక్క ప్రాజెక్టులో ఇంత సైన్సు దొరుకుతుంటే, దాన్ని ఐదు నిమిషాల్లో ముగించి రోబో చేతి దగ్గరికి పరుగెత్తే శిక్షణలు ఎందుకో అర్థం కాదు.

సర్వో దగ్గర బోర్డు దానంతటదే రీసెట్ అవుతుంటే కోడ్ జోలికి వెళ్లకండి. ఎస్‌జీ90 తిరగలేక ఆగిపోయినప్పుడు వందల మిల్లీ ఆంపియర్లు లాగుతుంది, కంప్యూటర్ యూఎస్‌బీ అంత ఇవ్వలేక వోల్టేజ్ పడిపోతుంది. నాలుగు ఏఏ సెల్స్ విడిగా పెట్టి, వాటి మైనస్‌ను బోర్డు గ్రౌండ్‌కు కలపాలి. ఆ గ్రౌండ్ తీగ మరిస్తే సర్వో వణుకుతూనే ఉంటుంది. చదరపు 9 వోల్టుల బ్యాటరీ ఇందుకు పనికిరాదు. వోల్టేజ్ ఉంటుంది గానీ కరెంటు ఇవ్వలేదు. సర్వో లైబ్రరీ వాడితే యునోలో 9, 10 పిన్‌ల మీద ఎల్‌ఈడీ వెలుతురును తగ్గించి పెంచే సౌకర్యం పనిచేయదన్నది కూడా చెప్పి ఉంచాలి. డీసీ మోటార్‌ను నేరుగా పిన్‌కు తగిలించనివ్వకూడదు.

అల్ట్రాసోనిక్ సెన్సర్ రెట్టింపు దూరం చూపిస్తే 2తో భాగించడం మరచిపోయారు, శబ్దం వెళ్లి రావాలి కదా. ఎప్పుడూ 0 వస్తూ ప్రోగ్రాం నత్తనడక నడిస్తే ఎకో (తిరిగొచ్చిన శబ్దాన్ని తెలిపే) తీగ ఊడింది: దాని కోసం చూసే పల్స్‌ఇన్ ఆదేశం ఒక్కోసారి ఒక సెకను దాకా ఎదురుచూస్తుంది. గుడ్డ మీదా, ఏటవాలు గోడ మీదా అంకెలు తప్పుగా వస్తాయి, అది సెన్సర్ లోపం కాదు. ఇదే సెన్సర్‌ను రాస్ప్‌బెర్రీ పై పికో అనే వేరే బోర్డుకు తగిలించేవారు మాత్రం జాగ్రత్త. పికో పిన్‌లు 3.3 వోల్టులవి, ఎకో ఇచ్చేది 5. మధ్యలో 1 కిలో, 2 కిలో ఓమ్‌ల రెసిస్టర్లతో వోల్టేజ్ తగ్గించాలి. బజర్ విషయం క్లుప్తంగా: 5 వోల్టులు ఇవ్వగానే మోగితే యాక్టివ్, టిక్‌మని ఊరుకుంటే పాసివ్. రెండోదానికి టోన్ ఆదేశం కావాలి.

వెతికే వరుస మాత్రం ఎప్పుడూ ఒకటే. పవర్ దీపం వెలుగుతోందా? పోర్టు కనిపిస్తోందా? అన్నీ పీకేసి ఉత్త బ్లింక్ నడుస్తోందా? పిన్‌కు బదులు ఎల్‌ఈడీ తీగను నేరుగా 5 వోల్టులకు పెడితే వెలుగుతుందా? రెసిస్టర్ మాత్రం ఉండాలి సుమా. వెలిగితే సర్క్యూట్ బాగుంది, తప్పు కోడ్‌లో. వెలగకపోతే తప్పు తీగల్లో. ఈ చివరి ప్రశ్న సమస్యను రెండు ముక్కలు చేస్తుంది. టీచర్లు దాన్ని ఒకసారి వంటబట్టించుకుంటే ఫోను చేసి అడగడం తగ్గుతుంది.

టింకర్‌క్యాడ్ ఎంతవరకు

టింకర్‌క్యాడ్ సర్క్యూట్స్ అంటే బ్రౌజర్‌లోనే సర్క్యూట్ కట్టి నడిపి చూసే వెబ్‌సైట్. అది ఉచితం, తరగతి కోడ్ ఇస్తే పిల్లలు ఈమెయిల్ లేకుండానే చేరవచ్చు. రెసిస్టర్ లేకుండా ఎల్‌ఈడీ పెడితే హెచ్చరిస్తుంది కూడా. క్లాసుకు ముందురోజు సర్క్యూట్ గీసుకోవడానికీ, కరెంటు పోయిన సాయంత్రానికీ, కోడ్ పరీక్షించుకోవడానికీ మంచిదే. కానీ అందులో తీగలు ఊడవు, కేబుల్ చెడదు, డ్రైవర్ సమస్య రాదు, బ్రెడ్‌బోర్డు రంధ్రం వదులవదు. పైన చెప్పిన తప్పుల్లో సగం అక్కడ ఎదురే కావు. అందుకే దాని మీద చేసిన పనిని హోంవర్క్‌గా ఒప్పుకోవచ్చు గానీ, శిక్షణ పూర్తయినట్టు లెక్కించకూడదు.

తరగతికి తీసుకెళ్లడం

రెండో వారం నుంచే ప్రతి టీచరూ వారంలో ఒక పీరియడ్ పిల్లలతో చేయాలి. 40 మందికి 10 కిట్లు, నలుగురేసి. ఒకరు తీగలు, ఒకరు కీబోర్డు, ఒకరు బొమ్మతో పోల్చి సరిచూడటం, ఒకరు నోటు రాయడం. పది నిమిషాలకోసారి పాత్రలు మారాలి. మార్చకపోతే కీబోర్డు ఒక్కరి సొత్తవుతుంది, చాలా చోట్ల ఆడపిల్లలు నోట్స్ రాస్తూనే మిగిలిపోతారు. పెట్టె మూత లోపల సామాను ఫొటో అతికించి, పీరియడ్ చివరి ఐదు నిమిషాలు లెక్కకే వదలాలి. ముందుగా పోయేవి, పాడయ్యేవి జంపర్ వైర్లు, ఎల్‌ఈడీలు. వాటిని ఏటా వినియోగ వస్తువుల కింద కొనాలి, టీచరు జేబులోంచి కట్టే పరిస్థితి వస్తే పెట్టె తెరవడం ఆగిపోతుంది.

చివరి పరీక్షకు బహుళైచ్ఛిక ప్రశ్నలు వద్దు. శిక్షకులు ఒక సర్క్యూట్ ఫొటోనూ, కోడ్‌నూ రెండు తప్పులతో పంపాలి. టీచరు దాన్ని తప్పులతో సహా తన బోర్డు మీద కట్టి, తప్పులు వెతుకుతూ, ఏం అనుమానించారో, ఏం కొలిచారో పైకి మాట్లాడుతూ మూడు నిమిషాల వీడియో తీసి పంపాలి. రెండు తప్పులూ దొరక్కపోయినా ఫరవాలేదు, వెతికిన వరుస సరిగా ఉంటే పాస్. వరుస లేకుండా తీగలన్నీ పీకి మళ్లీ గుచ్చితే, పనిచేసినా సరే, ఇంకో సర్క్యూట్ పంపాలి.